భారతి ఇంట్లో వేక్ టైమర్

కోవిడ్ రెండో ఏడాదిలో నేను ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్‌లో ఒక సరుకు రవాణా కంపెనీకి సిస్టమ్స్ మేనేజర్‌ని. అదే నా ఆఖరి పోస్టింగ్. బిల్లింగ్ విభాగం వాళ్ళందరికీ ఆఫీసు కంప్యూటర్లు ఇళ్ళకే పంపించాం. వాళ్ళు చేసిన పనికి రోజూ ఆఫీసు సర్వర్‌లో ఒక నకలు పడాలి. దాన్నే బ్యాకప్ అంటాం. పగలు నెట్ నెమ్మదిగా ఉంటుందని నేను దాన్ని అర్ధరాత్రికి పెట్టాను.

నిద్రలో ఉన్న కంప్యూటర్ పూర్తిగా ఆరిపోదు. కొద్దిపాటి కరెంటుతో గడియారం చూసుకుంటూ ఉంటుంది. పెట్టిన వేళకు తనంతట తానే లేచి, ఫైళ్ళు పంపి, మళ్ళీ నిద్రపోతుంది. ఈ ఏర్పాటు పేరు వేక్ టైమర్. ఇంట్లోవాళ్ళు గోడమీది స్విచ్ ఆపకుండా ఉంటే చాలు. ఎవరి ప్రమేయం లేకుండా ఇంతమంది పని నకలవుతోందని నేను తెగ మురిసిపోయేవాణ్ణి.

పొద్దున రిపోర్టు తీస్తే అందరి పేర్ల పక్కన పచ్చరంగు, భారతి పేరు పక్కన మాత్రం ఎరుపు. రోజూ ఇదే వరస. భారతి ఆ ఊళ్ళోనే లింగియాడీహ్ అనే పేటలో తండ్రితో ఉంటుంది. ఆయన అప్పలనాయుడు గారు, రిటైరైన గూడ్స్ డ్రైవర్. ఫోన్ చేసి అడిగితే రాత్రి కరెంటు పోయింది సార్ అనేది. అదే వీధిలో మా ఇంకో ఉద్యోగి కంప్యూటర్ మాత్రం చక్కగా లేచేది. నాకే అబద్ధం చెబుతుందా అని ఒళ్ళు మండింది. ఇంటినుంచి పనిచేసే అనుమతి రద్దుచేసి ఆమెను ఆఫీసుకు రప్పించాలని పైకి సిఫారసు రాశాను. ఆ సంగతి ఆమెకు ఫోన్‌లో చెప్పాను. నాన్నను ఒంటరిగా వదిలి రాలేనంది. అందరూ చెప్పేదే కదా అనుకున్నాను.

మా జనరల్ మేనేజర్ సిఫారసు చదివి, ముందు ఒకసారి యంత్రం చూసి రమ్మన్నారు. మధ్యాహ్నం వెళ్ళాను. రెండు గదుల ఇల్లు. ముందు గదిలో బల్లమీద కంప్యూటర్, దానికి మూరెడు దూరంలో మంచం, మంచం మీద అప్పలనాయుడు గారు నిద్రపోతున్నారు. యంత్రంలో ఏ లోపమూ లేదు. ఆ మాట ఆమె ఎదుటే రుజువు చేయాలన్న పంతంతో టైమర్‌ని కాసేపట్లో లేపేలా మార్చి కంప్యూటర్‌ని నిద్రపుచ్చాను.

"ఇప్పుడొద్దు సార్, నాన్న లేచిపోతారు," అంది భారతి మెల్లగా. నిమిషంలో అయిపోతుందన్నాను.

కంప్యూటర్ లేచింది. లోపలి ఫ్యాన్ గుయ్‌మంది, తెర వెలుగు మంచం మీద పడింది. ఆయన దిగ్గున లేచి కొక్కానికున్న చొక్కా అందుకున్నారు.

"కాలొచ్చిందేటి బాబూ?" అన్నారు నన్ను చూసి.

ఆయన బండి నడిపిన రోజుల్లో డ్రైవర్లను డ్యూటీకి పిలవడానికి రైల్వే ఇంటికే మనిషిని పంపేది. ఆ పిలుపును కాల్ అనీ, తెచ్చేవాణ్ణి కాల్ బాయ్ అనీ అనేవాళ్ళు. ఏ వేళ కిటికీలోంచి టార్చి వెలుగు పడినా లేచి బండి దగ్గరికి పోవలసిందే. మా నాన్నదీ డ్రైవరు ఉద్యోగమే. ఆయన ఏమడుగుతున్నారో నాకు ఎవరూ చెప్పనక్కరలేకపోయింది.

నేను నోరు తెరిచేలోపే ఆయన గుండీలు తప్పుగా పెట్టుకుని చేతులు జోడించారు.

"లేటయిపోనాది బాబూ. వచ్చేత్తన్నాను. నా మీద రిపోర్టు రాయకండి."

సిగ్గుతో చచ్చిపోయాను. ఆయన కూతురి మీద నేను అప్పటికే రాసేశాను. భారతి వచ్చి, బండి క్యాన్సిలయింది నాన్నా అని చెప్పి మళ్ళీ పడుకోబెట్టింది. తర్వాత వంటింట్లో నిలబడి జరిగింది చెప్పింది. బ్యాకప్ మొదలైన మొదటి రాత్రే ఆయన ఇలా లేచి రైలింజన్ల షెడ్డుకని బయల్దేరారట. వెతగ్గా వెతగ్గా మెయిన్ రోడ్డు మీద దొరికారట. అప్పటినుంచి పడుకునేముందు స్విచ్ ఆపేస్తోంది.

"షెడ్డులో పేరున్న మనిషి సార్. మతి పోతందని ఎవరికీ చెప్పబుద్ధి కాలేదు," అంది.

అది నేను బలవంతాన చెప్పించినట్టయింది. ఆమె ముఖం చూడలేక కంప్యూటర్ దగ్గరికి వెళ్ళి, బ్యాకప్‌ను ఆమె మధ్యాహ్నం పని ఆపి భోజనానికి లేచే వేళకు మార్చాను. కొంచెం ఎక్కువసేపు పడుతుంది, అంతే. మొదటి రోజే ఇలా పెట్టి ఉండవచ్చు. ఆఫీసుకు వచ్చి సిఫారసు వెనక్కి తీసుకున్నాను. సమయం నిర్ణయించడంలో పొరపాటు నాది అని మాత్రమే రాశాను. జనరల్ మేనేజర్ చదివి సరేనన్నారు. ఒక మాట గట్టిగా తిట్టి ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది.

ఇళ్ళకు యంత్రాలు పంపేముందు ప్రతి ఉద్యోగినీ ప్లగ్గు గురించి, నెట్ గురించి, ఇన్వర్టర్ గురించి అడిగాను. కంప్యూటర్ పెట్టిన గదిలో ఎవరు పడుకుంటారని అడగలేదు. రిటైరయ్యేదాకా ఆ తర్వాత ఏ ఇంటికి యంత్రం పంపినా ముందు అదే అడిగేవాణ్ణి.