పేకింగ్ లేని పెట్టె

రైలుపెట్టెల డిపోలో ముప్పై నాలుగేళ్లు ఫిట్టరుగా పనిచేసి రిటైరైన తిరుమలరావుకు హిందీ మాట్లాడే ఊళ్లో, దయాల్‌బంద్ అనే పేటలో రెండు గదుల ఇల్లు, మంగాయమ్మ అనే భార్య, అంతులేనన్ని కథలు మిగిలాయి. ఆ కథలన్నిటికీ రాజు, పేకింగ్ లేని పెట్టె కథ.

రైలుపెట్టె చక్రాలు అరుగుతాయి. అరిగినప్పుడల్లా చెక్కి గుండ్రం చేస్తారు. చక్రం చిన్నదై పెట్టె కిందికి దిగుతుంది. పక్క పెట్టెతో ఎత్తు కలవాలంటే స్ప్రింగుల దగ్గర ఇనుప పలకలు దూర్చాలి. అదే పేకింగ్. ఒక ముసలి పెట్టెను తను ఒక్క పలకైనా పెట్టకుండా సరైన ఎత్తుకు తెచ్చాననీ, పెద్ద ఇంజనీరు నోరు తెరిస్తే అందులోకి ఈగ దూరిందనీ తిరుమలరావు చెప్పేవాడు. ఏటేటా పెరిగి పెరిగి ఆ ఈగ ఈమధ్య తుమ్మెద అయింది.

ఫిజిక్సులో పరిశోధన చేస్తున్న మనవరాలు భవిత ఒక సాయంత్రం లాప్‌టాప్ పట్టుకొచ్చింది.

"తాతా, రేపు నా థీసిస్ సెమినార్. నీ పెట్టె కథతోనే మొదలెడతాను. నువ్వూ రావాలి."

"నా పెట్టెకీ నీ సదువుకీ ఏటే సంబంధం?"

"ప్రతి కణానికీ బరువైన జోడీ ఒకటుందని మా సిద్ధాంతం. ఆ జోడీలు మరీ బరువు కాకపోతే, హిగ్స్ అనే కణం ఇంత తేలిగ్గా ఉండడం సహజం. లేదంటే పెద్ద పెద్ద అంకెలు ఒకదాన్నొకటి కొట్టేసుకునేలా మనమే సర్దాలి. అంటే పేకింగ్!"

"దొరికాయేటి జోడీలు?"

"నహీ. జెనీవా దగ్గర ఇన్నేళ్లుగా కణాల్ని ఢీకొట్టిస్తున్నారు. దొరకనప్పుడల్లా ఇంకా బరువేమో అంటాం. బరువు పెరిగేకొద్దీ సర్దుబాటు పెరుగుతుంది. నా మోడల్‌కి మాత్రం దాదాపు అక్కర్లేదు. అచ్చం నీ పెట్టెలాగ!"

వంటింట్లోంచి మంగాయమ్మ అందుకుంది. "ఆ తుమ్మెద పేరు కూడా సెప్పండి, రాసుకుంటాది."

తిరుమలరావు టీ గ్లాసు కింద పెట్టాడు. నోరు మూసుకుంటే రేపు హాలునిండా జనం ముందు తన పేరు మోగుతుంది. కానీ పిల్ల నిలబడేది అబద్ధం మీద.

"అమ్మలూ, పేకింగ్ పెట్టానే."

"ఎన్ని పలకలు?"

"రెండు."

వంటింట్లో గరిటె టంగుమంది.

"నాలుగు. రూలు ఒప్పుకున్నన్నీ పెట్టి, సాలక ఇంకోటి."

"ఇంజనీరు చూడలేదా?"

"పెట్టెకి బాగున్న కొసే సూపించాను. రెండో కొసకి ఆయన ఎల్లేలోపు టీ ఇచ్చాను."

భవిత నవ్వుతుందనుకున్నాడు. ఆమె నవ్వలేదు.

"నేనూ అదే చేశాను తాతా. సర్దుబాటు కొలిచే పద్ధతులు మాకు ఒకటికి మించి ఉన్నాయి. నా మోడల్ బాగా కనిపించేదే వాడాను. ఇంకోదాంతో కొలిస్తే అంకెల్ని వెయ్యిలో ఒక వంతు కూడా తేడా రాకుండా సర్దాలి."

మొదటి పేజీ కొట్టేసి మళ్లీ రాయడం మొదలుపెట్టింది.

మర్నాడు తిరుమలరావు హాల్లో వెనక వరసలో కూర్చున్నాడు. భవిత రెండు కొలతలూ పక్కపక్కన చూపించింది. ప్రయోగాల్లో ఈ మోడల్ ఇంకా బతికే ఉందనీ, దీన్ని సహజమని మాత్రం తను అనలేననీ చెప్పింది. బయటినుంచి వచ్చిన ఎగ్జామినర్ తల ఊపి, మూడో అధ్యాయం మొత్తం తిరగరాయమన్నాడు. నాలుగు నెలల పని.

"నా మూలంగా నాలుగు నెలలు పోయాయేటే?" అన్నాడు తిరుమలరావు మెట్లు దిగుతూ.

"పోనీ తాతా. ఏడాదిగా ఆ రెండో కొలత సంగతి ఎవరడుగుతారోనని తప్పించుకు తిరిగాను. ఈరోజు నేనే చెప్పేశా. ఆకలేస్తోంది, పద."

ఇద్దరూ సర్కండా మీదుగా ఇంటివైపు వెళ్లే షేర్ ఆటో ఎక్కారు. పక్కనున్న పెద్దమనిషి మాట కలిపితే, మా మనవరాలు మాట్లాడితే ఎగ్జామినర్ లేచి నిలబడి చప్పట్లు కొట్టాడని తిరుమలరావు హిందీలో మొదలుపెట్టాడు.

"తాతా!" భవిత మోచేత్తో పొడిచింది.

తిరుమలరావు గొంతు సవరించుకుని, కూర్చునే తల ఊపాడని దిద్దుకున్నాడు.