పల్సానా సర్వర్ ఇచ్చిన జవాబు

దయ్యాలు, భూతాలు అని ఎవరైనా మొదలుపెడితే ముందుగా నవ్వేది నేనే. ఇప్పటికీ నమ్మను. అయినా నా ఉద్యోగంలో జరిగిన ఒక సంగతి గుర్తొస్తే ఒళ్లు గగుర్పొడుస్తుంది.

మాది తెలంగాణ నుంచి మగ్గాల పనికి వచ్చి సూరత్‌లో స్థిరపడ్డ కుటుంబం. బట్టలకు రంగులద్దే మిల్లుల్లో సర్వర్ కంప్యూటర్లు చూసుకునే కంపెనీలో నేను పనిచేస్తాను. మా అక్క భర్త రాజేశం బావ సూరత్ పక్కనే ఉన్న పల్సానాలో అలాంటి ఒక మిల్లులో రంగు యంత్రం నడుపుతాడు. మూత బిగించిన పెద్ద డ్రమ్ములో, మరిగే రంగునీళ్లలో బట్ట తిరుగుతుంటుంది. వేడి, ఒత్తిడి హద్దు దాటితే అక్కడి సర్వర్ సైరన్ మోగిస్తుంది.

ఆ సైరన్ సాఫ్ట్‌వేర్‌కు కొత్త వెర్షన్ వచ్చింది. అన్ని మిల్లుల్లోనూ వేయమన్నారు. అందుకోసం మేం మిల్లుమిల్లుకూ తిరగం. మా ఆఫీసులోని ప్రోగ్రాం ముందు ప్రతి సర్వర్‌నూ ఏ వెర్షన్ ఉందని అడుగుతుంది. జవాబులన్నీ వచ్చాకే, పాతదన్నచోట కొత్తది వేస్తుంది, కొత్తదే ఉందంటే వదిలేస్తుంది. ఆ అడిగే భాగం రాసింది నేనే.

దసరా రోజు ఆ పని పెట్టుకున్నాను. మా నేతవాళ్లలో ఆ రోజు పనిముట్లకు పూజ చేశాక ఎవరూ వాటిని ముట్టరు. మిల్లుకు సెలవైనా బావ పొద్దున్నే వెళ్లి, యంత్రంతో పాటు సర్వర్ డబ్బాకు కూడా బొట్టు పెట్టి నాకు ఫోన్ చేశాడు.

"సుజాతా, డబ్బాకు పూజ అయింది. ఇయ్యాల జర దాన్ని ముట్టకు."

"నేనేడ ముడుతున్న బావా? ఈడ కూసోని బటన్ నొక్కుడే గద!" అని ఆటపట్టించి, నొక్కేశాను.

అన్ని సర్వర్లూ పాతదే ఉందన్నాయి. పల్సానాది ఒక్కటే కొత్తది ఉందంది. ప్రోగ్రాం దాన్ని వదిలేసింది. ఎవరో ముందే వేసుంటారులే అనుకున్నాను.

కొన్నాళ్లకు ఒక మధ్యాహ్నం పల్సానాలో ఆవిరి వాల్వు ఇరుక్కుపోయి డ్రమ్ములో ఒత్తిడి పెరిగిపోయింది. సైరన్ మోగింది. బావా, తోటివాళ్లూ బయటికి ఉరికారు. వెనకాలే మూత ఎగిరిపోయి, వాళ్లు నిలబడ్డ చోటంతా మరిగే రంగు పడింది. ఎవరికీ ఏమీ కాలేదు.

ఆ భయంతో మిగతా మిల్లుల్లో సైరన్లు పరీక్షించాం. ఒక్కటీ మోగలేదు. తప్పు కొత్త వెర్షన్‌లోనే ఉంది. మరి పల్సానాలో ఎలా మోగింది? ఆ సర్వర్‌లోకి వెళ్లి చూశాను. ఉన్నది పాతదే. కొత్తది వేసిన జాడే లేదు.

వేరే సర్వర్ జవాబు పొరపాటున ఇటు వచ్చిందేమో అన్నాడు మా మేనేజర్. కానీ అడిగిన ఆ క్షణానికి కొత్తది ఇంకా ఎక్కడా వేయనే లేదు. నా ప్రోగ్రాంలోనే తప్పుందేమోనని అదే సర్వర్‌ను మళ్లీ మళ్లీ అడిగాను. ప్రతిసారీ పాతదనే చెప్పింది.

అక్కకు అంతా చెప్పాను. వెర్షన్ల గొడవ ఆమెకు పట్టలేదు.

"అది నిజం చెప్పుంటే మీ బావ నాకు దక్కేటోడే కాదు" అని నన్ను పట్టుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

ఇన్నేళ్ల ఉద్యోగంలో నన్ను ఏ సర్వరూ మోసం చేయలేదు. ఆ ఒక్కటి, ఆ ఒక్కసారి ఎందుకు అబద్ధం ఆడిందో ఈనాటికీ నాకు తెలియదు.