వైరు నా చేతిలో ఉండగా

దయ్యాలూ మహిమలూ అంటే నాకు మొదటినుంచీ నవ్వే. హైటెక్ సిటీలో నెట్‌వర్క్ సపోర్ట్ ఉద్యోగం నాది. ప్రతిదానికీ ఒక కారణం ఉంటుంది, వెతికితే దొరుకుతుంది అన్న నమ్మకం మీదే నాకు జీతం వస్తోంది. ఇది చదివి మీరు నవ్వితే నేనేమీ అనుకోను. మీ స్థానంలో ఉంటే నేనూ నవ్వేదాన్నే.

నిజాంపేటలో ఒక ఫ్లాట్‌లో కిరాయికి ఉంటాం. నేనూ, మా ఆయనా, మా అత్తమ్మ. నాలుగు వైపులా వేరే బిల్డింగుల గోడలే. వంటింటి కిటికీకి అతుక్కుని నిలబడితే ఫోన్‌లో మాట వినిపిస్తుంది, అంతే. మొబైల్ డేటా ఊసే లేదు. వీడియో కాల్ కావాలంటే ఫైబర్ ఇంటర్నెట్టే దిక్కు.

అత్తమ్మకు ఆ వీడియో కాల్ ప్రాణం. ఆమె చెల్లెలు, మా చిన్నత్తకు, పుట్టుకతోనే వినపడదు, మాటలు రావు. వరంగల్ దగ్గర ఊళ్లో ఉంటుంది. అక్కాచెల్లెళ్లు చిన్నతనంలోనే తమకంటూ ఒక చేతుల భాష కల్పించుకున్నారు. అది మరెవరికీ రాదు, మా ఆయనకు కూడా సగమే అర్థమవుతుంది. నా పాత ఫోన్‌లో సిమ్ తీసేసి, మా ఇంటి వైఫై పెట్టి అత్తమ్మకు ఇచ్చాను. రోజూ సాయంత్రం అందులో ఇద్దరివీ చేతులు తిప్పుకుంటూ ముచ్చట్లే ముచ్చట్లు.

ఆ దసరాకు అత్తమ్మ కాలు విరిగి కట్టులో ఉంది. మంచం నుంచి హాల్లో కుర్చీ వరకే నడక. పండుగ ముందురోజు చిన్నత్తకు కడుపునొప్పి అని కబురొస్తే మా ఆయన వెళ్లి ఆమెను వరంగల్‌లో దవాఖానలో చేర్పించాడు.

పండుగ పొద్దున నేను బండికి, మిక్సీకి, నా ల్యాప్‌టాప్‌కు పసుపు కుంకుమ పెట్టి వంట మొదలుపెట్టాను. అప్పుడే మా ఆయన ఫోన్ చేశాడు. 

“పిన్ని పేగుకు చిల్లు పడ్డదంట. జల్ది ఆపరేషన్ చెయ్యకుంటే బతకదంటున్నరు. మంచం పట్టుకొని ఎవ్వరినీ దగ్గరికి రానిస్తలేదు. నేను చెప్తే సమజైతలేదు. అమ్మతోని చెప్పించాలె, వీడియో కలుపు.”

హాల్లోకి పరుగెత్తాను. అత్తమ్మ కుర్చీ పక్కనున్న ఫైబర్ మోడెమ్ మీద ఎర్ర లైటు కొట్టుకుంటోంది.

ఆ డబ్బాలోకి వచ్చే వైరులో కరెంటు ఉండదు, వెలుగు ఉంటుంది. వెంట్రుకంత సన్నటి గాజుపోగులోంచి ఆ వెలుగు అందితే ఆకుపచ్చ లైటు నిలకడగా వెలుగుతుంది. అందకపోతే ఎర్ర లైటు కొట్టుకుంటుంది. ఆఫ్ చేసి ఆన్ చేశాను. వైరు ఎక్కడైనా మడత పడిందేమో చూశాను. వైరు చివరనున్న పిన్ను వదులైందేమోనని బయటికి లాగాను. మొనంతా పసుపు.

“అత్తమ్మా, దీన్ని మీరు తీసిన్రా?”

“మొనకు గూడ జర పసుపు పెట్టిన బిడ్డా. మనకు అన్నం పెట్టేది గదే కదా. మళ్ల ఎట్లున్నదట్లనే పెట్టిన.”

ఆమెను ఏమనగలను? దూదితో తుడిచాను, శానిటైజర్‌తో తుడిచాను. పెట్టి చూస్తే మళ్లీ ఎరుపే. ఆ గాజు మొన మీద దుమ్ము రేణువు పడినా వెలుగు తడబడుతుంది, ఇక్కడ ఏకంగా పసుపు ముద్ద ఆరిపోయి కూర్చుంది. ఇంటర్నెట్ కంపెనీకి ఫోన్ చేస్తే పండుగ కదా, ఎవరూ ఎత్తలేదు. పక్క ఫ్లాట్లన్నిటికీ తాళాలు. నాకు ఏడుపొచ్చేసింది. పిన్ను మళ్లీ పీకి, చేతిలో పట్టుకుని, చెల్లెలి సంగతి అత్తమ్మకు చెప్పాను.

ఆమె పాత ఫోన్‌ను ఎదురుగా చెంబుకు ఆనించి, ఆ నల్లటి తెర వైపు చూస్తూ చేతులు కదపడం మొదలుపెట్టింది. మతి తప్పిందేమోనని భయపడ్డాను.

అప్పుడు మోడెమ్ మీద ఎరుపు ఆగి ఆకుపచ్చ వెలిగింది. నిలకడగా. ఆ పాత ఫోన్ మోగింది.

తెర మీద చిన్నత్త ముఖం, చెమటతో తడిసిపోయి. అత్తమ్మ తన పొట్ట మీద చెయ్యి పెట్టుకుంది. ముల్లు తీస్తున్నట్టు వేళ్లు కలిపి లాగింది. చెంప కింద అరచెయ్యి పెట్టి కళ్లు మూసి తెరిచింది. చివరికి తన చెవి తమ్మె పట్టుకుంది. నేనున్నాను అనడానికి వాళ్లిద్దరూ చిన్నప్పుడు పెట్టుకున్న గుర్తు అదని అత్తమ్మ తర్వాత చెప్పింది. అవతల చిన్నత్త మంచం పట్టీ వదిలి తన చెవి పట్టుకుంది.

అత్తమ్మ వెనక నిలబడ్డ నేను వైరు పట్టుకున్న చెయ్యి దించలేదు. ఊపిరి కూడా గట్టిగా తీసుకోలేదు. డబ్బాకు వైరు లేదు. వైరు నా వేళ్ల మధ్య ఉంది. భయం వేయలేదు, గుడిలో హారతి ముందు నిలబడ్డట్టు ఒళ్లంతా పులకరించింది.

చిన్నత్తను స్ట్రెచర్ మీద తీసుకెళ్లాక కాల్ ఆగింది. ఎర్ర లైటు మళ్లీ కొట్టుకుంది.

పండుగ వెళ్లాక వచ్చిన టెక్నీషియన్ ఆ పిన్ను చూసి, ఇందులోంచి ఏమీ రాదు మేడమ్ అని కత్తిరించి కొత్తది వేశాడు. జరిగింది అతనికి చెప్పలేదు. పక్కింటి వైఫై పట్టిందేమో అని మీరంటారు. ఆ ఫోన్‌లో మా ఇంటి పాస్‌వర్డ్ ఒక్కటే ఉంది. లైటు పాడైందేమో అంటారు. కావచ్చు. కానీ కాల్ ఎలా వచ్చింది?

నెలలు గడిచాక చిన్నత్త కోలుకుని మా ఇంటికి వచ్చింది. నన్ను చూడగానే నవ్వుతూ అత్తమ్మతో చేతులతో ఏదో చెప్పింది. అత్తమ్మ నా వైపు తిరిగింది.

“ఆ రోజు నా ఎనుక నువ్వెందుకు గట్ల ఏడుసుకుంట నిలబడ్డవు, చేతిల ఆ దారమేంది అని అడుగుతున్నది బిడ్డా.”

నా చేతిలో ఊడిన వైరును చిన్నత్త కూడా చూసిందన్నమాట. వెళ్లి ఆమె చెయ్యి పట్టుకున్నాను. వెచ్చగా ఉంది.