చంద్రుడి మీద జారిన ప్యాంటు

ఈ రోజు జరిగింది ఎవరికైనా చెప్పకపోతే నాకు మనసు నిలవదు!

జమ్మలమడుగులో మస్తాన్ మామ టైలరు అంగట్లో రోజూ పొద్దున పేపరు పైకి చదవడం నా పని. ఆయన కుట్టుకుంటూ వింటాడు. ఈ రోజు ప్రొద్దుటూరు బస్సు రాలేదు, పేపరూ రాలేదు. నా సంచిలో పాత ఇంగ్లీషు నవల ఒకటుంది. చంద్రుడి మీదికి పోయినవాళ్ల కథ, అంతా నవ్వులాటేనట. చదవదగ్గదేనా అని నెల రోజులుగా అట్ట చూసి లోపల పెట్టేస్తున్నాను. సరే, దాన్నే తెలుగులో చెప్పడం మొదలుపెట్టాను.

చంద్రుడి మీద దిగగానే బరువు తగ్గి, కథలోని దొరగారి ప్యాంటు జారిపోయింది. మామ మిషను ఆపేశాడు.

"ఆగప్పా! బరువు తగ్గితే నడుము కొలత యాడ తగ్గుతాది? ప్యాంటు గూడా తేలికైతాది గదా, ఎట్లా జారతాది? ఇది రాసినాయప్పకు కుట్టుపని తెల్దు!"

రోజూ పేపర్లో రాకెట్ల వార్తలు చదివే నాకు ఆ సంగతి తట్టనే లేదు. సిగ్గుపడి పుస్తకం మూయబోయాను.

"యాల మూస్తాండావు? ప్యాంటు లేకుండా ఆయప్ప ఎట్లా తిరిగొస్తాడో సదువు!"

మధ్యాహ్నం దాకా చదివాను, మామ మళ్లీ కుట్టుకుంటూ విన్నాడు. అప్పుడు చూసుకుంటే, పోస్టుమాస్టరు గారి కొత్త చొక్కాకు రెండు చేతులూ అంచుల దగ్గర మూసి కుట్టేసి ఉన్నాయి! మామ కుట్లు విప్పుతూ, "రేపు బస్సొచ్చినా పేపరు తేవాకప్పా" అన్నాడు.

ఆ నవల చదవొచ్చా అని మీలో ఎవరైనా అడగండి, ఆ చొక్కా చేతుల అంచుల్లో సూది రంధ్రాలు చూపిస్తాను.