స్నానం చేసి గ్యారేజీకి వెళ్ళిన కారు

పెదపాడు హైస్కూల్లో ఫిజిక్స్ చెప్పే ఆనంద్ పాల్ మాస్టారికి జవాబు లేని ప్రశ్నలంటే భయం లేదు. కానీ ప్రశ్న వచ్చి తన వాకిట్లోనే నల్లటి మరకై కూర్చుంటే ఆయనకు అన్నం సహించదు.

ఆ మరక ఆయన కారుది. ఇంజిన్‌కి మూతలా పైన ఉండేది హెడ్, కిందిది బ్లాకు, రెంటికీ మధ్య పలచటి గ్యాస్కెట్. ఆ అంచున ఆయిల్ ముందు చెమర్చేది, తర్వాత జారేది, చివరికి గచ్చు మీద సంతకం చేసేది. ఏలూరులో మెకానిక్ మోయిన్ గారి షెడ్డులో గ్యాస్కెట్ మార్పించారు. కొన్నాళ్ళు శాంతి నెలకొంది. మళ్ళీ చెమట, మళ్ళీ గ్యాస్కెట్. మాస్టారు కారు కింద అట్ట పరిచి, రోజూ పళ్ళు తోముకుంటూ దాన్ని పరిశీలించడం నిత్యకృత్యమైంది. చర్చికి వెళ్ళేవాళ్ళు గేటు దగ్గర ఆగి పరామర్శించేవారు.

“ఏవండీ మాస్టారూ, ఎలా ఉందండీ?”

“నిన్నటికంటే నయమేనండీ. మరీ ధారగా లేదు.”

కారున్న ప్రతివాడూ వైద్యుడే. తాడేపల్లిగూడెంలో ఉన్న తోడల్లుడు యేసుదాసు చిక్కటి ఆయిల్ పోయమన్నాడు. ముదినేపల్లి ఆసామి ఒకాయన తన కారుకి ఒంటిసబ్బు అరగదీసి రాశాననీ, అప్పటినుంచీ అది కారడం మాని, నడవడం కూడా మానేసిందనీ నిజాయితీగా చెప్పాడు.

మోయిన్ గారు మాత్రం తల గోక్కున్నారు. “హెడ్డు వేడెక్కి వంగిపోతోంది మాస్టారూ. లేత్ షాపులో సాపు చేయించి బిగిస్తున్నానా, మళ్ళీ వంగుతోంది. నీళ్ళున్నాయి, ఫ్యాను తిరుగుతోంది. ఇక్కడుంటే బుద్ధిగా ఉంటోంది. మీ దగ్గరికొస్తే ఎందుకు వేడెక్కుతోందో అర్థం కావట్లేదండీ. లోపల వేడి చూపించే ముల్లు చూస్తున్నారా?”

“చూస్తూనే ఉన్నానండీ. మధ్యలోనే ఉంటుంది.”

ఇంజిన్ ఆపేశాక కూడా ఆ ముల్లు మధ్యలోనే ఉంటుందని మాస్టారు చెప్పలేదు. దాన్ని స్థితప్రజ్ఞుడి లక్షణంగా భావించి గౌరవిస్తూ వచ్చారు.

ఇంట్లో తీర్పు ఎప్పుడో వెలువడింది. ఆయన భార్య రూబీ ఏలూరులో ఒక ఆసుపత్రిలో నర్సు. డ్యూటీకి వెళ్తూ దారిలో ఆగిపోవడం ఆమెకు అలవాటైపోయింది. “ఇంకొక్కసారి కారిందంటే అమ్మేయండి. నేను బస్సులో పోతాను,” అంది.

మాస్టారికి దిగులు కారు గురించి కాదు. రోజూ పొద్దున ఆమెను ఏలూరులో దింపేటప్పుడే ఆయన మనసులోని సంగతులన్నీ చెప్పేవారు. ఇంట్లో ఆమెకు వంటిల్లుంది, ఫోనుంది, పక్కింటి మణెమ్మ పిన్ని ఉంది. అద్దాలెత్తిన కారులో మాత్రం తప్పించుకునే దారి లేదు. ఇంద్రధనుస్సు గురించి, కొల్లేటికొచ్చే కొంగల గురించి ఆయన చెబుతుంటే ఆమె ఊఁ కొట్టేది, అప్పుడప్పుడు నవ్వేది కూడా. బస్సులో ఆమె పక్క సీటు ఎవరిదో ఎవరికెరుక?

మరక మళ్ళీ పడింది. తాడేపల్లిగూడెం నుంచి బ్రోకరు మర్నాడు పొద్దున వస్తానన్నాడు.

ఆ సాయంత్రం మాస్టారు కలిదిండిలో తన వాటా చేపల చెరువు చూసుకుని ఇంటికి వచ్చారు. వాకిట్లో బకెట్టు, గుడ్డ తెచ్చుకున్నారు. మాసిన బండిని నలుగురికీ చూపించడం ఆయన మర్యాదకు ఒప్పదు. మోయిన్ గారి దగ్గరికి వెళ్ళేటప్పుడూ అంతే. డాక్టరు దగ్గరికి స్నానం చేయకుండా ఎవరైనా వెళ్తారా? కడిగి, తుడిచి, ముందు కట్టిన వల కూడా విప్పి దాచేసేవారు.

ఆ వల ఆయన సొంత ఆలోచన. పొద్దుగూకితే చెరువు గట్ల మీద పురుగులు మబ్బులా లేస్తాయి. అవి ఇంజిన్‌లోకి పోకుండా, చేప పిల్లల్ని పెంచే సన్నకన్నుల వల ముక్కను గాలి దూరే చోట అడ్డంగా కట్టారు. అందరూ మెచ్చుకున్నారు.

కడిగే ముందు ఇంజిన్ గొంతు చివరిసారి విందామని స్టార్టు చేసే ఉంచారు. లోపల ఫ్యాను హోరుమంటోంది. చెమట తుడుచుకున్న రుమాలు వల మీద వేశారు. రుమాలు నెమ్మదిగా జారి కింద పడింది.

మాస్టారు దాన్ని తీసి మళ్ళీ వేశారు. మళ్ళీ పడింది. లోపల అంత హోరు పెట్టి గాలి పీల్చే ఫ్యాను ఒక రుమాలుని పట్టుకోలేదా? ఆయన వంగి వల మీద వేలు పెట్టి గీశారు. చచ్చిన పురుగులు, చెరువు గట్టు మీది చేపల మేత తవుడు దుమ్ము కలిసి కంబళిలా పేరుకున్నాయి. వల విప్పారు. రుమాలు వేశారు. అది లోపలి రేడియేటరుకి చప్పున అతుక్కుంది.

గాలి ఒత్తిడి గురించి ఎనిమిదో తరగతికి ఏటేటా చెప్పిన మనిషి, ఏడాదిగా కారు ముక్కు మూసి ఊపిరెందుకు ఆడటం లేదని ఊళ్ళోవాళ్ళందరినీ అడుగుతున్నాడు.

“రూబీ! ఒకసారి ఇలా రా.”

ఆమె వచ్చింది. రుమాలు పడటం చూసింది, అతుక్కోవడం చూసింది. “మోయిన్ గారు ఈ వల చూడలేదాండీ?”

“మురికిగా ఉంటుందని తీసేసి వెళ్ళేవాణ్ణి. ఏమనుకుంటారోనని.”

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందేమోనని ఆయన కంగారుపడ్డారు. భుజాలు కదలడం చూశాక అది నవ్వని అర్థమైంది. “బ్రోకరుని పది రోజులాగి రమ్మనండి,” అంది ఆఖరికి. “రేపు మాత్రం కడక్కుండా తీసుకెళ్ళండి. ఆ కంబళి కూడా.”

మోయిన్ గారు వలని దులిపి, వాసన చూసి, చాలా పొలైటుగా పక్కన పెట్టారు. “దీన్ని కూడా తెచ్చుంటే నాకింత అప్రతిష్ఠ వచ్చేది కాదండీ,” అన్నారంతే. హెడ్డు మళ్ళీ సాపైంది, కొత్త గ్యాస్కెట్ పడింది, కొత్త ముల్లు కూడా వచ్చింది. ఈసారి ముల్లు కదిలింది.

పది రోజులూ మాస్టారు చెరువుకి వెళ్ళొస్తూనే ఉన్నారు. అట్ట మీద పురుగు రెక్కలు తప్ప ఏమీ పడలేదు. గడువు నాడు పొద్దున, రూబీని ఏలూరు తీసుకెళ్తూ కొంగల వలస గురించి ఆయన మంచి రసపట్టులో ఉండగా ఆమె ఫోను మోగింది. బ్రోకరు.

“బండి అమ్మట్లేదండీ,” అంది రూబీ. “లోపం బండిలో లేదంట.”

“మరి లోపం దేంట్లో ఉందండీ?” అన్నాడు అవతలివాడు. ఆమె స్టీరింగ్ పట్టుకున్న మనిషి వైపోసారి చూసింది.

“అది అమ్మేది కాదులెండి,” అని ఫోను పెట్టేసి, “ఆఁ, కొంగలు. తర్వాత?” అంది.