బొమ్మ పడని రోజులు

లీసెస్టర్‌లో మేముండే ఫ్లాట్‌లో గుడ్డ కట్టుకోని వస్తువు లేదు. ఫ్రిజ్‌కి గుడ్డ, వాషింగ్ మెషిన్‌కి గుడ్డ, మైక్రోవేవ్‌కి కుచ్చులు పెట్టిన గుడ్డ. మా అత్తయ్య తెనాలి నుంచి వచ్చినప్పుడు సూట్‌కేసులో పచ్చళ్ళతో పాటు తన పాత చీరల ముక్కలు కూడా తెచ్చుకుంది. వచ్చిన వారానికే పాత సామాన్లమ్మే ఛారిటీ షాపులో ఒక కుట్టుమిషన్ దొరికింది. ఇక చూసుకోండి. ఒకచోట కదలకుండా ఉంటే నాకు కూడా కవరు కుట్టేస్తుందేమోనని భయపడేదాన్ని.

ఆవిడకు ఇంగ్లీషు రాదు. పక్కింటి గుజరాతీ ఆంటీ నవ్వేది, ఈవిడా నవ్వేది, కబుర్లు అంతటితో సరి. మా ఆయనకు హాస్పిటల్‌లో పని, పొద్దున పోతే సాయంత్రమే. పగలంతా ఆవిడతో తెలుగులో మాట్లాడే ప్రాణిని నేనొక్కదాన్నే.

నేనేమో యానిమేషన్‌లో మాస్టర్స్ చేసి ఇంట్లో కూర్చున్నాను. ఎవరైనా ఏం చేస్తున్నావని అడిగితే ఒళ్ళు మండేది. అలాంటి రోజుల్లో నాటింగ్‌హామ్‌లోని ఒక చిన్న స్టూడియో నుంచి మెయిల్ వచ్చింది. వైద్య విద్యార్థుల కోసం శరీరం లోపలి సంగతులను కదిలే బొమ్మలుగా చేసేవాళ్ళు. రక్తనాళంలో రక్తం ప్రవహించే దృశ్యం ఒకటి చేసి శుక్రవారం సాయంత్రానికల్లా పంపమన్నారు. నచ్చితే ఉద్యోగం. మా పాత కంప్యూటర్‌కు అంత శక్తి లేదు, అందుకే కొత్త గ్రాఫిక్స్ కార్డు కొన్నాం. దాన్ని నడిపే డ్రైవర్ ప్రోగ్రాములను ఇంకా సీడీలో పెట్టి ఇచ్చే కాలం అది.

"అమ్మా, ఇది పనిచేసిందంటే నీ కోడలు ఉద్యోగానికి పోద్ది. ఇక నీకు టీవీయే కోడలు" అన్నాడు మా ఆయన, స్క్రూలు విప్పుతూ.

"పోనీరా. అంత చదివిన పిల్ల ఇంట్లో కూర్చుంటే ఏం బాగుంటది?" అంది అత్తయ్య.

కార్డు ఇటుక అంత ఉంది. తా దూర కంత లేదు మెడకో డోలు అన్నట్టు, దానికి చోటివ్వడానికి లోపలి వైర్లన్నీ పక్కకు తోయాల్సి వచ్చింది. మొత్తానికి బిగించాం. కంప్యూటర్ పెట్టె బల్ల కిందకు చేరింది. స్విచ్ వేయగానే తెర మీద నేను అప్పటికే మొదలుపెట్టిన రక్తనాళం తెరుచుకుంది. ఎర్రని కణాలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ, తొందరేమీ లేనట్టు, వెలుతురులోంచి నీడలోకి సాగిపోతున్నాయి. బయట వాన పడుతూనే ఉంది. కిటికీ అద్దం మీద నీరు జారుతోంది, లోపల నా ఎర్ర ఏరు పారుతోంది, రెంటికీ మధ్య నేను ఎక్కడున్నానో కాసేపు మరిచిపోయాను. అంతలో తెర నల్లబడింది.

పెట్టె హోరు ఆగలేదు, దీపాలు వెలుగుతూనే ఉన్నాయి. తెర మీద మాత్రం ఏమీ లేదు.

"బొమ్మ పోయిందా?" అంది అత్తయ్య గుమ్మంలోంచి. "మా ఊరి సినిమా హాల్లో అయితే ఈపాటికి ఈలలేసి కుర్చీలు విరగ్గొట్టేవాళ్ళు."

ఆ సాయంత్రం పెట్టెను బయటకు లాగి విప్పాం. కార్డును తీసి మళ్ళీ గుచ్చాం. నేల మీద, పొట్ట తెరిచి ఉన్న పెట్టె బుద్ధిగా పనిచేసింది. మూసి బల్ల కిందకు తోశాం. మర్నాడు పొద్దున కాసేపటికి మళ్ళీ నలుపు. డ్రైవర్లు తీసేసి కొత్తవి ఎక్కించాం. కరెంటు వైరు మార్చాం. మానిటర్ కేబుల్ పక్క ఫ్లాట్ అబ్బాయిని అడిగి తెచ్చాం. షాపుకు ఫోన్ చేస్తే ఆపి మళ్ళీ ఆన్ చేయమన్నారు, ఆ ముక్క మాకు తెలియనట్టు. విప్పితే మంచిది, మూస్తే మొండిది. నాకు కోపం నషాళానికి అంటింది.

"మీరు చెయ్యి పెట్టాకే దానికి ఈ రోగం వచ్చింది" అన్నాను మా ఆయనతో.

"చెయ్యి పెట్టకపోతే అది అట్టపెట్టెలోనే పనిచేసేదా?" అన్నాడు.

నలుపు వచ్చినప్పుడల్లా పెట్టెను ఆపి, కాసేపు వంటింట్లోకి పోయి కూర్చునేదాన్ని. అత్తయ్య టీ ఇచ్చేది. చిక్కుళ్ళ ఈనెలు తీస్తూ, అడక్కుండానే ఏదో ఒక కథ ఎత్తుకునేది. పెళ్ళయిన కొత్తలో కుట్టు నేర్పిన టీచరమ్మ నోట్లో గుండుసూదులు పెట్టుకునే తిట్టేదట. ఒకసారి పెళ్ళికూతురి జాకెట్టుకు రెండూ ఎడమ చేతులే కుట్టి, ముహూర్తం వేళకు అత్తయ్య సైకిలెక్కి పారిపోయిందట. చిక్కుడుకాయల వాసన, కెటిల్ ఆవిరి, ఆ మెత్తని గొంతు. ఆ వారం తలుచుకుంటే నాకిప్పటికీ పగటినిద్రలో వచ్చిన కలలాగే ఉంటుంది. కల మధ్యలో శుక్రవారం గుర్తొచ్చి, లేచి మళ్ళీ కంప్యూటర్ దగ్గరికి పోయేదాన్ని.

గురువారం అత్తయ్య బట్టలు ఉతికే రోజు. ఆ రోజు పొద్దుటి నుంచి కంప్యూటర్ ఒక్కసారీ ఆగలేదు. దానికి బుద్ధి వచ్చిందనుకున్నాను. సాయంత్రం అత్తయ్య రేడియేటర్ మీద ఆరేసిన కవరు తెచ్చి, వంగి, పెట్టెకు తొడిగింది. ముందువైపు బటన్‌కు కాజా కుట్టిన చక్కని కవరు. వెనకా పక్కలా నేల దాకా జీరాడుతుంది. ఆవిడ వచ్చిన నెల నుంచీ ఉన్నదే అది. పాత కార్డు దాని కిందే చల్లగా బతికింది. అలవాటైన గుడ్డ కాబట్టి మా ఇద్దరి కళ్ళకూ ఎప్పుడూ ఆనలేదు.

అరగంటకు తెర నల్లబడింది. ఎందుకో గుడ్డ కిందికి చెయ్యి పోనిచ్చాను. ఇడ్లీ కుక్కర్ మూత తీసినట్టు సెగ కొట్టింది. వేడి బయటకు పోయే కంతలన్నీ చీర ముక్క మూసేసింది. విప్పిన ప్రతిసారీ కవరు తీశాం కాబట్టి పనిచేసింది, సర్దిన ప్రతిసారీ ఆవిడ ప్రేమగా తొడిగింది కాబట్టి ఆగింది.

మా ఆయన పడీపడీ నవ్వాడు. "చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికాం కదే."

అత్తయ్య నవ్వలేదు. కవరు తీసి, నాలుగు మడతలు పెట్టి, పట్టుకుని నిలబడింది.

శుక్రవారమంతా యంత్రం పనిచేస్తూనే ఉంది. తలుపు సందులోంచి టేక్‌అవే హోటలు వాళ్ళు పడేసిపోయిన మెనూ కాగితం మడిచి, అత్తయ్య పెట్టె పక్కన పీట వేసుకుని విసరసాగింది. అవసరం లేదంటే వినలేదు.

"ఇదేంటమ్మాయ్, కాలవా?" అంది తెర చూస్తూ.

"మన ఒంట్లో రక్తం, అత్తయ్యా."

"లోపల ఇంత అందంగా ఉంటామా మనం!" అని చాలాసేపు చూసింది. తర్వాత విసరడం ఆపకుండానే అంది. "నిన్నో మాట అడుగుతా, ఏమీ అనుకోవుగా. ఇది ఆగినప్పుడల్లా నాకు లోలోపల సంతోషంగా ఉండేదమ్మా. నువ్వొచ్చి వంటింట్లో కూర్చునేదానివి. గుడ్డ సంగతి నిజంగా నాకు తెలియదు. తెలిస్తే మాత్రం తీసేదాన్నో లేదో. అట్టా అనుకోవటం పాపం కదా?"

నాకు దుఃఖం ముంచుకొచ్చింది. కాదని తల ఊపాను. ఆవిడ మరింత గట్టిగా విసిరింది. సాయంత్రానికి బొమ్మ పూర్తయింది, పంపాను. తర్వాతి వారం ఉద్యోగం వచ్చింది. వచ్చే సోమవారమే చేరమన్నారు. అత్తయ్య తిరుగు ప్రయాణం ఇంకా చాలా దూరంలో ఉంది.

"ఆవిడ వెళ్ళాక చేరతానని అడగనా?" అన్నాను మా ఆయనతో. వంటింట్లోంచి విన్నది కాబోలు.

"అట్టాంటి పిచ్చి పని చెయ్యమాక. మాట్లాడకపోతే నా నోరేం పాచిపోదులే" అని అరిచింది.

సోమవారం పొద్దున ఆవిడే గుమ్మం దాకా వచ్చి అన్నం డబ్బా చేతిలో పెట్టింది. రైల్లో పోయాను, కొత్త బల్ల దగ్గర కూర్చున్నాను, పొలాల మీద పొగమంచు చూస్తూ తిరిగొచ్చాను. మా ఆయనకంటే నేనే ముందు ఇల్లు చేరాను. బెల్ కొట్టకముందే తలుపు తెరుచుకుంది. ఆవిడ నా బ్యాగు అందుకుని, ఏదో అనబోయి ఆగింది. గొంతు పెగల్లేదు. దగ్గి, సవరించుకుని, అప్పుడు అడిగింది.

"అక్కడ నీతో మాట్లాడేవాళ్ళు ఎవరన్నా ఉన్నారా తల్లీ?"

ఉన్నారన్నాను. పొద్దున నన్ను సాగనంపాక ఆవిడ మాట్లాడిన మొదటి మాట అది.