మొహరు లేని మానికలు

1948 ఎండాకాలంలో నన్ను మెదక్ తహసీలు కచేరీలో కొలతల పనికి వేశారు. హోదా అహల్కారు, అంటే గుమాస్తా. అంగట్లో గింజలు కొలిచే ఇనుప మానికలను ఏటా తెప్పించి, సరిచూసి, పాత మొహరును, అంటే సర్కారు ముద్రను, ఆకురాయితో అరగదీసి, హైదరాబాదు నుంచి వచ్చే కొత్త మొహరు కొట్టి ఇవ్వాలి. మొహరు లేని మానికతో కొలిస్తే జుర్మానా. పట్టణంలో సగం నాది, సగం తోటి గుమాస్తా దేవదానానిది.

దేవదానం మిషన్ బళ్లో చదివినవాడు. అతని దస్తూరీ చూస్తే తహసీల్దారు కళ్లకు చలువ చేసేదట. చప్రాసీ నాకు తెచ్చే చాయ్ మీద మీగడ కట్టి, ఆ మీగడ మీద ఈగ కాపురం పెట్టి, పిల్లల్ని కూడా కనేది. అతని చాయ్ మాత్రం పొగలు కక్కుతూ వచ్చేది. ఆ ఏడు ఒక గిర్దావరు కొలువు ఖాళీ అయింది. గిర్దావరంటే గుర్రమెక్కి ఊళ్లు తనిఖీ చేసే అధికారి. గుర్రం ఒకటి, మేము ఇద్దరం.

అప్పుడే పైనుంచి హుకుం వచ్చింది. సరిహద్దు అవతలి ఫౌజు వచ్చి రాజధాని హైదరాబాదు మీద పడితే తాలూకాలో కారోబారు ఆగకుండా ఎట్లా నడుపుతారో రాసి పంపాలని. నేను అగ్గిపెట్టెల నుంచి ఎద్దుల నాడాల దాకా దేన్నీ వదలకుండా రాశాను. ఆ కట్టను మోసిన ఇద్దరు చప్రాసీలకు వారం పాటు నడుము లేవలేదు. దేవదానం ఒకే కాగితం ఇచ్చాడు. అంగడి నడిస్తే అన్నీ నడుస్తాయని దాని సారాంశం. తహసీల్దారు దాన్ని రెండుసార్లు చదివాడు. నా కట్టను గాలికి కొట్టుకునే తలుపుకు అడ్డం పెట్టించాడు. మూడు రోజులు నాకు అన్నం అరగలేదు.

ఇక పనిలోనైనా అతన్ని మించాలనుకున్నాను. కొత్త మొహరు చేతికొచ్చాకే పాతది తీయాలని కాయిదా. వచ్చిన రోజే నా సగం ముగించి సలాము కొట్టాలని, నా మానికలన్నిటి మీద పాత మొహరు ముందే అరగదీశాను. ఆ ఇనుప రజను రామాయంపేట దాకా ఎగిరింది.

"భాయ్, జర ఆగరాదూ? కొత్తది రానీ," అన్నాడు దేవదానం.

"నీకు చేతులు గుంజితె ఇంట్ల కూసో," అన్నాను.

నాలుగు రోజులకు, సెప్టెంబరు నడుమ, ఫౌజు సరిహద్దు దాటింది. టెలిఫోను మూగపోయింది, టపా ఆగింది. మొహరు రాలేదు. అంగడి రోజు మాత్రం వచ్చింది.

నా సగంలో జొన్న కుప్పలు ఉన్నాయి, కొనేవాళ్లు ఉన్నారు, కొలత లేదు. గింజలు కొలిచేటప్పుడు ఒకటి అనకుండా "లాభం" అని మొదలుపెడతారు. ఆ పొద్దు ఒక్క గొంతు కూడా లాభం అనలేదు. మొహరు లేని మానిక పట్టుకుంటే దొంగ కొలత అంటారని షావుకార్ల భయం. పనులు బందై పస్తులున్న కూలీలు సంచులు పట్టుకుని నిలబడ్డారు. చేగుంట దిక్కు నుంచి మిరపకాయలు అమ్ముకోవడానికి వచ్చిన లచ్చవ్వ నన్ను నిలదీసింది.

"హైదరాబాదు పట్నం మీద దాడైతె పట్నపోళ్లు పస్తుండాలె. మేమెందుకుంటం సారూ?"

తహసీల్దారు పిలిపించాడు. "రాజధాని ఇంకా పడలే. నువ్వు మాత్రం మెదక్‌ను పడగొట్టినవ్," అన్నాడు. పొద్దుగూకేలోగా అంగడి నడవకపోతే కొలువు ఊడుతుందన్నాడు.

దేవదానం తన మానికలు తెచ్చాడు. వాటి మీద పాత మొహరు చెక్కు చెదరలేదు. అంగడి నడుమ గోనె పరిచి, "భాయ్, నీ మానికలు నువ్వే కొలువు. నలుగురు చూస్తరు," అన్నాడు. తిట్టి ఉంటే హాయిగా ఉండేది. మొహరున్న మానికను జొన్నలతో నింపి, అరచేత్తో తలకొట్టి, నా బోడి మానికలో పోయాలి. సరిగ్గా నిండితే లచ్చవ్వ దాని మీద సున్నం బొట్టు పెట్టాలి. ఒక్కటైనా తప్పుతుందేమో, దేవదానం ఉపాయం బెడిసికొడుతుందేమో అని ఆశగా చూశాను. అవి నా మానికలేనన్న సంగతి అప్పుడు గుర్తులేదు. అన్నీ సరిపోయాయి.

"సారు మొగం సూడుండ్రి, కొలత తప్పినట్టుంది," అంది లచ్చవ్వ. మధ్యాహ్నానికి లాభం, లాభం అని అంగడంతా మోగింది. కూలీల సంచులు నిండాయి.

ఆ వారంలోనే హైదరాబాదు లొంగిపోయింది. కొత్త సర్కారు మొహరు రావడానికి నెలలు పట్టింది. అందాకా సున్నం బొట్టే చెల్లింది. నా కొలువు నిలిచింది. గుర్రం దేవదానానికి దక్కింది. అది కూడా అతన్ని చూసి తోక ఆడించేది.

కొలతల శాఖలోనే రిటైరయ్యాను కనుక తెలిసింది చెబుతాను. రాజధానికి దెబ్బ తగిలితే ముందు కరువయ్యేది గింజ కాదు, కొలత మీద నమ్మకం. దాన్ని నలుగురి ముందు పోసి చూపించి నిలబెట్టవచ్చు. కొత్త ముద్ర చేతికొచ్చేదాకా పాతదాన్ని చెరపరాదు. పక్కవాడిని చూసి కడుపు మండుతున్న మనిషి చేతికి ఆకురాయి ఇవ్వరాదు.